లోషన్ సీసా వెనక ఉన్న చిన్న అక్షరాల గురించి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ మహిళల పేజీలో ఎండాకాలం మొహానికి రాసుకునే లోషన్ల మీద వేసిన వ్యాసం చదివాను. జిడ్డు లేని, తేలిగ్గా ఇంకిపోయే లోషన్ చూసి కొనుక్కోమన్నారు. మంచి మాటే. కానీ షాపులో నిలబడ్డ మనిషికి ఎదురుగా ఉన్న పది సీసాల్లో అది ఏదో ఎలా తెలుస్తుంది? ‘లైట్’ అనీ ‘నాన్ స్టికీ’ అనీ ప్రతి సీసా మీదా ఉంటుంది కదా. అసలు చెప్పాల్సిన ఆ సంగతే వదిలేశారు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పెద్దదైంది, ఓపిగ్గా చదవండి.

నేను ఖమ్మంలో 19 ఏళ్లుగా ఫ్యాన్సీ షాపు నడుపుతున్నాను. గాజులు, బొట్టు బిళ్లలు, క్లిప్పులతో మొదలుపెట్టాను. ఇప్పుడు సగం షాపు సబ్బులు, పౌడర్లు, క్రీములే. ఇంటర్‌లో బైపీసీ చదివాను. డిగ్రీ రెండో ఏడాదిలో పెళ్లయి చదువు ఆగిపోయింది. మా అమ్మ కాలంలో మొహానికి రాసుకునేది ఏదైనా స్నోనే. ఇప్పుడు నా దగ్గర మొహం లోషన్లే ఇరవై రకాలున్నాయి.

మాకు జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి సీజన్. తోటల్లో కాయ కోసేవాళ్లు, తాలు కాయలు ఏరేవాళ్లు పని దిగి ఇంటికి పోతూ షాపుకు వస్తారు. "అక్కా, మొహమంతా మంట. జిడ్డు కానిది ఏదన్నా ఉంటే ఇయ్యి" అంటారు. జిడ్డుది రాసుకుంటే మర్నాడు మిర్చి దుమ్మంతా మొహానికే పట్టేస్తుంది, చెమటకు అది కళ్లలోకి దిగుతుంది. తేలికపాటి లోషన్ అవసరం నిజంగా ఉన్నది వాళ్లకే. వాళ్లు కొనేది మాత్రం పది రూపాయల ప్యాకెట్టో, వేలంత ట్యూబో. ఆ సంగతి మళ్లీ చెప్తాను.

నాలుగేళ్ల కిందటి వరకు నేనూ సీసా వెనక్కి తిప్పి చూసిన మనిషిని కాదు. సేల్స్ అబ్బాయి ఏది చెబితే అదే కస్టమర్లకు చెప్పేదాన్ని. ఆ వేసవిలో ఒక లోషన్ కొత్తగా వచ్చింది. సీసా మీద కీరదోసకాయ బొమ్మ, దాని మీద నీటి చుక్కలు, లోపల లేతాకుపచ్చ లోషన్. రాసుకోగానే చల్లగా ఉండేది, నిమిషంలో ఇంకిపోయేది. నేనూ వాడాను, కనీసం ముప్ఫై మందికి అమ్మాను. మూడో వారానికి నా కనురెప్పలు ఉబ్బాయి. బుగ్గల మీద ఎర్రటి దద్దుర్లు, రాత్రంతా దురద. వేడి చేసిందనుకుని మజ్జిగ తాగుతూ ఇంకో వారం అదే లోషన్ రాశాను. చల్లగా ఉందని దాన్నే ఇంకాస్త ఎక్కువ రాశాను కూడా.

చివరికి చర్మం డాక్టర్ దగ్గరికి వెళ్తే, ఇంట్లో మొహానికి రాసేవన్నీ ఒక కవర్లో వేసుకుని తెమ్మన్నారు. వీపు మీద వరసగా చిన్న చిన్న పట్టీలు అంటించి, రెండు రోజులు తడి తగలనివ్వొద్దన్నారు. ప్యాచ్ టెస్ట్ అంటారట. తీసిన రోజు చూశారు, రెండు రోజులాగి మళ్లీ చూశారు. సెంటుల్లో వాడే సుగంధ ద్రవ్యాల మిశ్రమం పెట్టిన చోట మాత్రం ఎర్రగా పొంగింది. మిగతావన్నీ మామూలుగానే ఉన్నాయి. అప్పుడు డాక్టర్ గారు ఆ కీరదోస సీసా తిప్పి, ఫోన్ కెమెరాతో వెనక ఉన్న అక్షరాలు పెద్దవి చేసి నా చేతికిచ్చి "ఇది చదవమ్మా" అన్నారు.

అందులో ఉన్నది ఈ వరసలో రాస్తున్నాను: నీళ్లు, గ్లిసరిన్, డైమెథికోన్, ఆల్కహాల్ డినాట్, సెటైల్ ఆల్కహాల్, కార్బోమర్, ఫినాక్సీఇథనాల్, పర్ఫ్యూమ్, కీరదోస సారం, సీఐ 42090, సీఐ 19140. అంతే.

ఈ వరసకు ఒక లెక్క ఉంది. మన దేశంలో 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం 1 శాతం కంటే ఎక్కువ ఉన్నవాటిని ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలి. 1 శాతం, అంతకు లోపు ఉన్నవాటిని ఆ తర్వాత ఏ వరసలోనైనా రాసుకోవచ్చు. ఫినాక్సీఇథనాల్ అనేది పాడవకుండా వేసే మందు. యూరప్ నిబంధనల్లో దానికి 1 శాతమే పరిమితి, కంపెనీలు సాధారణంగా అంతకు మించి వేయవు. కాబట్టి జాబితాలో ఆ పేరు కనిపించిందంటే, దాని తర్వాత ఉన్నవన్నీ దాదాపు 1 శాతం లోపువేనని అనుకోవచ్చు. 100 మిల్లీలీటర్ల సీసాలో 1 శాతం అంటే ఒక మిల్లీలీటరు, డ్రాపర్‌తో ఇరవై చుక్కలు. సీసా మీద కాయంత కాయ బొమ్మ వేసిన కీరదోస వాటా ఆ ఇరవై చుక్కల లోపే. మరి ఆ లేతాకుపచ్చ రంగు? సీఐ 42090 నీలం రంగు, సీఐ 19140 పసుపు రంగు. రెండూ కలిస్తే ఆకుపచ్చ. ఆ చల్లదనం ఆల్కహాల్‌ది. స్పిరిట్ దూదితో చేయి తుడిస్తే చల్లగా తగులుతుంది చూడండి, అదే. ఇక నా కనురెప్పలు ఉబ్బించింది ‘పర్ఫ్యూమ్’ అన్న ఆ ఒక్క మాట.

ఆ ఒక్క మాట వెనక పదులకొద్దీ రసాయనాలుంటాయి. అందుకే యూరప్‌లో ఎలర్జీ తెప్పించే 26 సుగంధ ద్రవ్యాలను, రాసుకుని కడగకుండా వదిలేసే లోషన్‌లో 0.001 శాతం దాటితే, పేరుపేరునా రాయాలన్న నియమం ఎన్నో ఏళ్ల నుంచీ ఉంది. 2023లో ఆ జాబితాను 80కి పైగా పెంచారు. నా షాపులో ఉన్న చాలా సీసాల మీద మాత్రం ‘పర్ఫ్యూమ్’ అనే ఉంటుంది, ఆపైన ఏమీ తెలియదు. అందరికీ అది పడదని నేననను. నేను అమ్మిన ముప్ఫై మందిలో ఇద్దరే మొహం ఎర్రబడిందని వచ్చారు. కానీ వాళ్లిద్దరి ముఖాలు చూసినప్పుడు నాకు కలిగిన బాధ ఇంతా అంతా కాదు. డబ్బులు వెనక్కిచ్చి, మిగిలిన సీసాలన్నీ డీలర్‌కు పంపేశాను.

అప్పటి నుంచి షాపులోకి కొత్త లోషన్ ఏది వచ్చినా ముందు వెనక వైపు చదువుతాను. కౌంటర్ మీద ఒక భూతద్దం పెట్టుకున్నాను, కస్టమర్లకూ ఇస్తాను. నాకు అర్థమైనంత వరకు చెప్తాను, తప్పుంటే మీ నిపుణులు సరిదిద్దండి.

తేలికపాటి లోషన్‌లో అన్నిటికంటే ఎక్కువ ఉండేది నీళ్లే, సగానికి పైగా అదే. తర్వాత గ్లిసరిన్, అది తేమను పట్టి ఉంచుతుంది. సబ్బు చేసేటప్పుడు పక్కన వచ్చే పాత సరుకే అది, చవకైనదే, కానీ చక్కగా పని చేస్తుంది. ఆ తర్వాత వచ్చే నూనె పదార్థాన్ని బట్టి జిడ్డా, తేలికా అన్నది తేలుతుంది. డైమెథికోన్ ఉంటే చర్మం మీద పల్చటి పొరలా జారుతుంది. సైక్లోపెంటాసిలోక్సేన్ ఉంటే కాసేపటికి ఆవిరైపోతుంది, అందుకే ఏమీ రాసుకోనట్టే ఉంటుంది. కాప్రిలిక్ కాప్రిక్ ట్రైగ్లిసరైడ్ అని నోరు తిరగని పేరొకటి ఉంటుంది. దాన్ని కొబ్బరి నూనె, పామ్ గింజల నూనెలోని కొవ్వుల నుంచే తయారుచేస్తారు. చలికాలం మన ఇంట్లో కొబ్బరి నూనె సీసా గడ్డకట్టి ఎండలో పెట్టుకుంటాం కదా. ఇది అలా గడ్డకట్టదు, వాసన ఉండదు, మొహం మీద బరువుగా కూర్చోదు. అదే షియా బటర్ (ఒక గింజ నుంచి తీసే చిక్కటి కొవ్వు), పెట్రోలాటం (వాజెలిన్ లాంటిది) పేర్లు మొదటి నాలుగైదింటిలో ఉంటే ఆ లోషన్ చలికాలానికి దాచుకోవాల్సిందే, మా మే నెల ఎండకు పనికిరాదు. నియాసినమైడ్ కావాలని ఇప్పుడు కాలేజీ పిల్లలందరూ అడుగుతున్నారు. అది బి3 విటమిన్. పరిశోధనల్లో సాధారణంగా 2 నుంచి 5 శాతం వాడి చూశారు. ఎదర పెద్ద అక్షరాలతో దాని పేరు వేసి, వెనక జాబితాలో అడుగున పెడితే నేను ఆ పిల్లలకు చూపించి చెప్తాను.

ఆల్కహాల్ అన్న మాట దగ్గర చాలామంది తికమకపడుతున్నారు. నమాజు చేసుకునే ఒక అక్క నా దగ్గర పదేళ్లుగా కొంటారు. ఒకరోజు సీసా తెచ్చి కౌంటర్ మీద పెట్టి, "ఇందులో ఆల్కహాల్ ఉందని మా పాప చెప్పింది, నాకొద్దు" అన్నారు. చూస్తే సెటైల్ ఆల్కహాల్. అది మైనంలా తెల్లగా, గట్టిగా ఉండే పదార్థం. నీళ్లూ నూనే విడిపోకుండా ఉండటానికి, లోషన్ చిక్కగా ఉండటానికి వేస్తారు. తాగే సారాయికీ దానికీ పేరులోనే చుట్టరికం. చర్మాన్ని ఎండబెట్టదు, మెత్తబరుస్తుంది. సెటరైల్, స్టియరిల్ అని ఉన్నా ఇదే కోవ. ఆల్కహాల్ డినాట్ మాత్రం నిజంగా స్పిరిటే. దాని పేరు మొదటి నాలుగింటిలో ఉందంటే చర్మం పొడిగా ఉన్నవాళ్లకు, మిర్చి దుమ్ముతో అప్పటికే మండుతున్న మొహానికి నేను ఇవ్వను. ఆ అక్కకు రెండు సీసాలు పక్కపక్కన పెట్టి ఈ తేడా చూపించాను. ఇంటికి వెళ్లి వాళ్ల పెద్దవాళ్లను అడిగి, తర్వాతి వారం వచ్చి సెటైల్ ఉన్న సీసానే తీసుకెళ్లారు.

‘పారబెన్ ఫ్రీ’ అన్న ముద్ర గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ వ్యాసంలో కూడా పారబెన్లు లేనిదే కొనమన్నారు. పారబెన్లన్నా లోషన్ పాడవకుండా వేసే మందులే. ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే ఏమవుతుందో మనకు తెలుసు. లోషన్‌లో సగానికి పైగా నీళ్లే, రోజూ మనం వేలు ముంచుతాం. పాడవకుండా ఏదో ఒకటి వేయక తప్పదు. పారబెన్లంటే భయం పెరిగాక కొన్ని కంపెనీలు వాటి బదులు మిథైల్ ఐసోథయాజొలినోన్ అనేది వేశాయి. దానితో ఎలర్జీలు ఎంతగా పెరిగాయంటే 2013లో అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ అనే చర్మ ఎలర్జీ నిపుణుల సంఘం దాన్ని ఆ ఏటి ఎలర్జీ కారకంగా ప్రకటించింది. 2017 నుంచి యూరప్‌లో కడగకుండా వదిలేసే క్రీములు, లోషన్లలో దాన్ని నిషేధించారు. అదే సొసైటీ 2019లో పారబెన్ల వల్ల చర్మానికి ఎలర్జీ రావడం చాలా అరుదని చెప్పింది. కాబట్టి ‘ఫలానాది లేదు’ అన్న మాట చూసి మురిసిపోకుండా, దాని బదులు ఏం వేశారో చూడాలి. ఈ మాట మీ పేజీలో వస్తే ఎంతోమందికి చేరుతుంది.

అసలు జాబితాయే లేని డబ్బాలు ఇంకో బాధ. వారంలో తెల్లబడతారంటూ, తయారీదారు చిరునామా కూడా లేకుండా వస్తాయి. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో ఇలాంటి క్రీములు వాడినవాళ్లకు కిడ్నీ జబ్బు వచ్చింది, వాటిలో పాదరసం బయటపడింది. మన నిబంధనల్లో మొహం క్రీముల్లో పాదరసం వేయకూడదు. పొరపాటున కలిసినా పది లక్షల భాగాల్లో ఒక భాగం దాటకూడదు. అలాంటి డబ్బా తెచ్చి అమ్మమని నన్ను అడిగినవాళ్లున్నారు. నా షాపు గడప ఎక్కనివ్వలేదు.

ఇప్పుడు మిర్చి కూలీల సంగతి. 60 మిల్లీలీటర్ల కంటే తక్కువ ఉన్న ద్రవాలకు, 30 గ్రాముల కంటే తక్కువ ఉన్న క్రీములకు ఈ పదార్థాల జాబితా వేయకపోయినా ఫర్వాలేదని మన నిబంధనల్లోనే మినహాయింపు ఉంది. పెద్ద సీసా కొనగలిగిన టీచరమ్మకు లోపల ఏముందో తెలుసుకునే హక్కుంది, పది రూపాయల ప్యాకెట్టు కొనే కూలీ మనిషికి లేదన్నమాట. ఈ మార్చిలో ఒక చెల్లి వచ్చింది, పాతికేళ్లుంటాయేమో. బుగ్గలు కందిపోయి ఉన్నాయి. అంతకుముందు తను రాసుకున్న ప్యాకెట్టు చింపు కొంగుకు ముడేసుకుని తెచ్చి చూపించింది. భూతద్దం పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాను. ధర, తేదీ, కంపెనీ పేరు ఉన్నాయి. లోపల ఏముందో ఒక్క ముక్క లేదు. "ఇందులో సెంటు ఉందా అక్కా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. వాసన చూసి ఉందేమో అన్నాను. అంతకంటే ఏం చెప్పగలను?

ఈ మినహాయింపు తీసేయాలని కేంద్ర ఆరోగ్య శాఖను మీ పత్రిక అడగాలి. ప్యాకెట్టు మీద చోటు లేదంటే, షాపులో వేలాడదీసే ప్యాకెట్ల దండకు ఒక కాగితం జత చేసినా చాలు, నేను చదివి చెప్తాను. పెద్ద సీసాలకు కూడా జాబితా చాలాసార్లు అట్టపెట్టె మీదే ఉంటోంది. ఆ పెట్టె కొన్న రోజే చెత్తబుట్టలోకి పోతుంది. దద్దుర్లు వచ్చేది ఇరవై రోజులకు. జాబితా సీసా మీదే ఉండాలి, నలభై దాటిన కళ్లకు కనిపించేంత అక్షరాల్లో ఉండాలి.

మిమ్మల్ని అడిగేది ఇంకొకటుంది. ఒక ఆదివారం మీ మహిళల పేజీలో ఈ పేర్లను తెలుగు అక్షరాల్లో, ఏది దేనికి వేస్తారో ఒక్కో వాక్యంలో, ఒక చర్మ వైద్యురాలి చేత రాయించి వేయండి. అక్షరాలు కాస్త పెద్దవి పెట్టించండి. కత్తిరించి నా షాపు అద్దానికి, బయటివైపు, కూలీకి పోయేవాళ్లకు కనిపించేలా అంటిస్తాను.

ఇట్లు,
ఒక ఫ్యాన్సీ షాపు నిర్వాహకురాలు,
ఖమ్మం