కనురెప్పలు వాలిన పిల్లలకు ఈసీజీ తీయించండి

సంపాదకులు గారికి, నమస్కారములు.

ఒడిశాలోని మా గజపతి జిల్లాలోనూ, సరిహద్దుకు అవతల ఆంధ్రలోని పాతపట్నం వైపు ఊళ్లలోనూ కంటి శిబిరాలు నడిపే వైద్యులకు మీ పత్రిక ద్వారా ఒక మనవి.

మా అక్క కొడుక్కి పద్నాలుగో ఏట రెండు కనురెప్పలూ వాలడం మొదలైంది. బడిలో నిద్రమొహం అన్నారు. ఆ తర్వాత పక్కకు చూడాలంటే తల మొత్తం తిప్పడం, గట్టి ముద్ద నీళ్లతో గాని గొంతు దిగకపోవడం, గోడ పట్టుకుని మెట్లెక్కడం ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. కండరాలు త్వరగా అలసిపోయే మయస్థీనియా అనే జబ్బు అనుకుని మాత్రలిచ్చారు. ఆ జబ్బులో నీరసం సాయంత్రానికి పెరుగుతుందట. మావాడికి పొద్దుటికీ మాపటికీ తేడా లేదన్న సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, అడిగినవారే లేరు.

ఒకరోజు స్పృహ తప్పి పడిపోయాక విశాఖపట్నంలో ఈసీజీ తీస్తే, గుండె పైగదుల నుంచి కిందిగదులకు విద్యుత్ సంకేతం సరిగా అందడం లేదని తేలి పేస్‌మేకర్ అమర్చారు. 1958లో ఇద్దరు వైద్యులు వర్ణించిన కియర్న్స్–సేయర్ సిండ్రోమ్ ఇదని కండరం ముక్క పరీక్షతో నిర్ధారణ అయింది. ఇరవై ఏళ్ల లోపే మొదలయ్యే ఈ వ్యాధిలో, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా సొంత డీఎన్‌ఏలో పెద్ద ముక్కే లోపిస్తుంది.

మాలో మేనరికాలుంటాయి కనుక అదే కారణమని ఒడియా ఇరుగుపొరుగువారు, తల్లి నుంచే వచ్చిందని మా బంధువులు అన్నారు. మైటోకాండ్రియా తల్లి నుంచి వస్తాయన్నది నిజమే గాని, ఈ లోపం చాలామందిలో వంశంలో ఎవరికీ లేకుండా కొత్తగా పుడుతుంది. ఆ మాటలు మా అక్కను జబ్బుకన్నా ఎక్కువ బాధపెట్టాయి.

వ్యాధిని నయం చేసే మందు లేదు, గుండెకు మాత్రం పేస్‌మేకర్ ఉంది. కనుక రెండు రెప్పలూ వాలి, కంటిగుడ్లు సరిగా తిరగని పిల్లలు శిబిరానికి వస్తే వెంటనే ఈసీజీకి పంపండి. ఒకసారి బాగుందని వదలక, ఏటా తీయించమని తల్లిదండ్రులకు చెప్పండి. రెప్పలెత్తే శస్త్రచికిత్సకు తొందరపడకండి. నిద్రలో కంటిగుడ్డు పైకి తిరగని వీరికి శస్త్రచికిత్స తర్వాత రెప్ప పూర్తిగా మూతపడకపోతే నల్లగుడ్డు ఎండి దెబ్బతింటుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు, పర్లాకిమిడి