జర్మనీ నోటీసులపై ముందే చెప్పండి

సంపాదకుడు గారికి,

జర్మనీలో టోరెంట్‌లో సినిమాలు దించుకునే మన విద్యార్థులకు లాయర్ల నుంచి 'అబ్మానుంగ్' అనే కాపీరైట్ హెచ్చరిక నోటీసులు వస్తుంటాయి. వందల యూరోలు కట్టమంటారు. కొందరు మోసమనుకుని చించేస్తారు, కొందరు టెన్షన్‌తో అప్పుచేసి మరీ కడతారు. రెండూ తప్పే. టోరెంట్‌లో ఫైలు దిగుతుండగానే మన నుంచి ఇతరులకూ వెళ్తుంటుంది. అసలు అభియోగం దాని మీదే. కోర్టు అనుమతితో ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్ కనెక్షన్ గుర్తింపు సంఖ్య) ద్వారా కనెక్షన్ ఎవరిదో తెలుసుకుంటారు. అంతమాత్రాన దించింది అతనేనని ఎలా అంటారు? షేరింగ్ ఫ్లాట్‌లో ఒకే వైఫైని నలుగురు వాడతారు కదా! నోటీసుకు జతచేసిన, 'ఇకపై అలా చేయను' అనే హామీపత్రం మీద చదవకుండా సంతకం పెడితే ఏళ్ల తరబడి కట్టుబడి ఉండాలి. గడువులోగా అక్కడి వినియోగదారుల సలహా కేంద్రానికి వెళ్లాలి. వీసా, బ్లాక్డ్ అకౌంట్ (అక్కడి ఖర్చులకు ముందే డబ్బు జమచేసే ఖాతా) గురించి గంటలు చెప్పే మన కన్సల్టెన్సీలు విమానం ఎక్కేలోపే పిల్లలకు ఇదీ చెప్పాలి.

– ఒక పాఠకురాలు, హైదరాబాద్