ఆ సాయంత్రం రేడియో పలికించిన మెకానిక్ గారికి

1984 అక్టోబర్ 31, బుధవారం. ఉదయం ఢిల్లీలో ఇందిరా గాంధీపై కాల్పులు. బీబీసీ ముందే చెప్పినా, ఆకాశవాణి ఆమె మరణాన్ని ప్రకటించింది సాయంత్రమే. బడి వదిలేశారు, బజారు మూసేశారు. సరిగ్గా ఆ పూటే మా వీధి రేడియో మూగబోయింది.

మెకానిక్ గారూ, సగం దించిన షట్టర్ కిందనుంచి పిల్లల్ని లోపలికి రానిచ్చారు మీరు. వెనక మూత తీయగానే జబ్బు దొరికింది. రెండు పాత సెల్స్‌తో ఒక కొత్తది కలిపి వేశారు మావాళ్లు. అలా వేస్తే నీరసించిన సెల్ ముందే అయిపోతుంది, దాని పైతొడుగైన జింకు డబ్బా కరిగిపోయి రసం కారుతుంది. స్ప్రింగు మీద పచ్చటి చిలుము పట్టింది, ఎర్ర వైరు ఊడింది. పొడిగుడ్డతో తుడిచి, ఉప్పుకాగితంతో ఇత్తడి మెరిసేదాకా గీకి, వైరుకు టంకం పెట్టారు. మీ టార్చిలోంచే మూడు సెల్స్ తీసి వేశారు, మూడూ ఒకే వయసువి.

ఏరియల్ లాగబోతే ఆపారు. అది షార్ట్ వేవ్‌కట. మన ఆకాశవాణి వచ్చే మీడియం వేవ్‌కి లోపల తీగ చుట్టిన నల్లటి ఫెరైట్ కడ్డీయే ఏరియల్, కాబట్టి రేడియోనే మెల్లగా తిప్పాలి. కడ్డీ కొస స్టేషన్ వైపుంటే గొంతు తగ్గుతుంది, అడ్డంగా ఉంటే పెరుగుతుంది. తిప్పి చూపించారు.

డబ్బులడిగితే, “పోండ్రా, వార్తల టైమైంది” అన్నారు. నవంబర్ 3న అంత్యక్రియల వ్యాఖ్యానం వీధంతా విన్నది మీ సెల్స్ మీదే. టార్చి లేకుండా ఆ నాలుగు రాత్రులూ ఎలా గడిపారో గానీ, మీకు దండాలండీ.