చెరువులో ఒక గీత గీయండి: మత్స్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తమిళనాడు మత్స్యశాఖ మంత్రి గారికి,

నమస్కారం. చెన్నైలోని చేట్‌పట్ చెరువు మీ శాఖ చేతిలో ఉంది. 2016లో దాన్ని ఎకో పార్కుగా తెరిచారు. అక్కడ బోటు షికారూ ఉంది, గాలం వేసుకునే వీలూ ఉంది. రైలు స్టేషన్ పక్కనే, ఊరి నడిబొడ్డున అలాంటి చోటు ఉండటం మా అదృష్టం. బోట్లు ఆపేయమని గానీ, గాలాలు నిషేధించమని గానీ నేను అడగను. ఒకే నీళ్ళను ఇద్దరికి ఇచ్చినప్పుడు మధ్యలో గీత గీసి ఇవ్వండి. చేట్‌పట్‌లోనూ, బోట్లూ గాలాలూ కలిసే ప్రతి చెరువులోనూ.

నేను పెరంబూరులో ఉంటాను, మాది నాయుడుపేట దగ్గర పల్లెటూరు. సెలవు దొరికితే గాలం పట్టుకుని బయల్దేరడం తప్ప వేరే వ్యసనం లేదు. ఈ లేఖ తమిళ ప్రతిని మీ ఆఫీసుకు పంపాను. తెలుగులో కూడా ఎందుకంటే, గట్టు మీద గాలం పట్టుకుని కూర్చునే వాళ్ళలోనూ, నెల్లూరు, తిరుపతి నుంచి పిల్లల్ని తీసుకొచ్చి బోటెక్కే వాళ్ళలోనూ మావాళ్ళు చాలామంది ఉంటారు. గొడవ మొదలైతే సగం తిట్లు తెలుగులోనే వినిపిస్తాయి.

ఎలాంటి గొడవో ఒకటి చెబుతాను. నగర శివార్లలో ఒక చెరువు, పేరెందుకు లెండి. ఆదివారం పదిన్నర అయి ఉంటుంది. పెడల్ బోటులో అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు. గట్టు మీద డెబ్భై దాటిన ఒక పెద్దాయన రెండు గాలం కర్రలు పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన దారం ఏటవాలుగా నీళ్ళలోకి దిగి ఉంది. ఎండ పడితే పక్కనే ఉన్న నాకే అది కనిపించదు, బోటులో వాళ్ళకేం కనిపిస్తుంది? బోటు దాని మీదుగా వెళ్ళింది. సీటు కింద తిరిగే చక్రం రెక్కలకు దారం చుట్టుకుంది. బోటు బరువెక్కినట్టు అనిపించి ఆ నాన్న ఇంకా గట్టిగా తొక్కాడు. తొక్కినకొద్దీ దారం ఇంకా చుట్టుకుంది. పెద్దాయన లేచి నిలబడి "మిదిక్కాదీంగ, మిదిక్కాదీంగ" అని తమిళంలో అరుస్తున్నాడు, తొక్కొద్దని. తిడుతున్నాడనుకుని ఇతను మరింత జోరుగా తొక్కాడు. "అన్నా, తొక్కొద్దు, కాళ్ళు తీసేయండి" అని నేను తెలుగులో కేకేస్తే ఆగాడు. ఈలోగా పెద్ద పిల్లవాడు వంగి చేతికందిన దారాన్ని లాగాడు. గాలం ఎగిరొచ్చి వాడి లైఫ్ జాకెట్‌లో దిగబడింది. గొంతుకు నాలుగు వేళ్ళ కింద.

రేవుకు తీసుకొచ్చాక చూస్తే అక్కడ ఒక్క కటింగ్ ప్లేయర్ కూడా లేదు. పనిచేసే కుర్రాడు ఎక్కడి నుంచో బ్లేడు తెచ్చి జాకెట్ కోయబోతే పిల్లవాడు కెవ్వుమన్నాడు. నా సంచిలో ప్లేయర్ ఉంది కాబట్టి సరిపోయింది, గాలం కాడ కత్తిరించి తీశాం. అప్పుడు మొదలైంది అసలు రగడ. "కాస్త చూసుకుని వెయ్యొచ్చు కదా పెద్దాయనా, పిల్లాడి గొంతులో దిగుంటే ఏం చేసేవాళ్ళం?" అని తండ్రి. "పొద్దున్నే వచ్చి కూర్చున్నా, మీరే నా మీదికొచ్చారు, నేనూ డబ్బు కట్టాను" అని పెద్దాయన తమిళంలో. ఇద్దరి దగ్గరా టికెట్లున్నాయి, రెండూ ఆ రోజువే, రెండూ ఆ నీళ్ళకే. తప్పెవరిదని పంచాయితీ పెడితే సాయంత్రం దాకా తెగదు. గాలం ఎంత దూరం విసరొచ్చో ఆయనకెవరూ చెప్పలేదు, గట్టుకు ఎంత దగ్గరగా రావచ్చో వీళ్ళకెవరూ చెప్పలేదు.

మంత్రి గారూ, కొంచెం లెక్క చూడండి. చేట్‌పట్ చెరువు సుమారు 16 ఎకరాలు. చదరంగా ఊహించుకుంటే ఒక్కో వైపు 250 మీటర్లు. మామూలు స్పిన్నింగ్ రీల్‌తో, కాస్త సీసం కట్టి విసిరితే ఎర 30, 40 మీటర్లు పోతుంది. ఎదురెదురు గట్ల మీద ఇద్దరు కూర్చున్నారంటే ఆ 250లో 80 మీటర్లు వాళ్ళ దారాల కిందికే పోయాయి. మిగిలినదాంట్లో పెడల్ బోట్లు, తెడ్డు బోట్లు, మోటారు బోట్లు అన్నీ తిరగాలి.

మోటారు బోటు గంటకు 10 కిలోమీటర్లతో వెళ్తుంటే ఎక్కినవాళ్ళకు నత్తనడకలా ఉంటుంది. ఆ నత్తనడకలోనే అది 40 మీటర్లను 14 సెకన్లలో దాటేస్తుంది. మరి గాలం వేసినవాడు 40 మీటర్ల దారాన్ని వెనక్కి చుట్టాలంటే ఎంతసేపు? రీల్ పిడి ఒక్కసారి తిప్పితే దాదాపు 70 సెంటీమీటర్లు వస్తుంది. 57 తిప్పులు తిప్పాలి. సెకనుకు రెండు చొప్పున ఆపకుండా తిప్పినా 28 సెకన్లు. బోటు తన వైపు తిరిగిందని చూసిన క్షణంలోనే మొదలుపెట్టినా, సగం దారం నీళ్ళలో ఉండగానే అది మీదికొచ్చేస్తుంది. అదే బోటు గంటకు 5 కిలోమీటర్లతో, అంటే మనిషి నడిచే వేగంతో వస్తే టైమ్ సరిగ్గా సరిపోతుంది. గాలాలున్న వైపు బోట్లు నడక వేగం దాటకూడదని నేనడుగుతున్నది ఈ లెక్క చూసుకునే. చేపలు బెదిరిపోతాయన్న బాధ కూడా ఉందనుకోండి, ఒంటి పక్కనుండే గీత వెంబడి నీటి కదలికను పసిగట్టే శక్తి వాటికుంది. కానీ చేప పడలేదని మంత్రికి ఉత్తరం రాసేంత వెర్రివాణ్ణి కాను.

బోటు నడిపేవాళ్ళకూ ఇందులో లాభం ఉంది. మోటారు రెక్కలకు నైలాన్ దారం చుట్టుకుంటే అది ఇరుసు దగ్గరి సీలును కోసేస్తుంది, గేర్లలోకి నీళ్ళు దిగుతాయి. రిపేరుకు బోటును గట్టెక్కించాల్సిందే.

ఇక ఎవరు ఎవరికి దారివ్వాలి అన్నది. నా ఉద్దేశం మా గాలం మిత్రులకు రుచించకపోవచ్చు. ఎవరికి ఎక్కువ తెలుసో వాళ్ళే ముందు తప్పుకోవాలి. మోటారు బోటు నడిపే ఉద్యోగికి చెరువు మూలమూలా తెలుసు, అది అతని ఉద్యోగం, కాబట్టి మొదటి బాధ్యత అతనిది. రెండోది మాది. దారం ఎక్కడుందో మాకు ఒక్కళ్ళకే తెలుసు. పెడల్ బోటులో వచ్చిన కుటుంబం చివర. వాళ్ళు బహుశా మొదటిసారి నీళ్ళ మీదికొచ్చి ఉంటారు. బోటు ఎడమకు తిరగాలంటే పిడిని ఎటు తోయాలో అర్థమయ్యేసరికే వాళ్ళ అరగంట అయిపోతుంది. అలాంటి వాళ్ళు తడబడుతూ మన వైపు వస్తుంటే దారం చుట్టేసుకోవడమే మర్యాద. ముందొచ్చాం కదా అంటే గట్టు మీద చోటు వరకే చెల్లుతుంది.

సముద్రంలో ఓడలు ఢీకొనకుండా 1972లో చేసుకున్న అంతర్జాతీయ నియమాలున్నాయి. చేపలు పట్టే పడవకు మిగతావాళ్ళు దారివ్వాలని వాటిలో ఉన్నమాట నిజమే. అయితే అది వలలో, పొడవాటి దారాలో వేసి తేలిగ్గా పక్కకు మళ్ళలేని పడవలకు మాత్రమే. వెనక గాలాలు ఈడ్చుకుంటూ వెళ్ళే పడవకు ఆ హక్కు లేదు. మహా సముద్రంలోనే లేనిది చెరువు గట్టున మాకెక్కడి నుంచి వస్తుంది?

మావాళ్ళ తప్పులు ఇంకా ఉన్నాయి. రేవు నీడకూ, జనం విసిరే పాప్‌కార్న్‌కూ చేపలు చేరతాయని సరిగ్గా జనం బోటెక్కే చోటే కర్రలు పెడతారు. వెనక నడిచేవాళ్ళను చూసుకోకుండా విసురుతారు. చిక్కుపడ్డ దారాన్ని ఉండచుట్టి గట్టునే పడేస్తారు. అది కొంగల కాళ్ళకూ, నీటికాకుల రెక్కలకూ చుట్టుకుంటుంది, ఏళ్ళ తరబడి కుళ్ళదు. అటు వైపు చూస్తే, నీళ్ళ మీద తేలే బెండు కనబడగానే అదేదో ఆటవస్తువన్నట్టు దాని మీదికే బోటు తొక్కే కుర్రాళ్ళున్నారు. సెల్ఫీ కోసం నిలబడి బోటును ఊపేవాళ్ళున్నారు. స్పీకర్ల సంగతి సరేసరి. తిలాపాపం తలా పిడికెడు.

నేను అడిగేవాటికి పెద్ద ఖర్చు లేదు. ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలకు ఎర్రరంగు పూసి, తాడుకు కట్టి, గాలం వేసే మెట్ల నుంచి 50 మీటర్ల దూరంలో వరసగా తేలించండి. లోపల గాలాలు, బయట బోట్లు. చిన్న చెరువుల్లో అంత చోటుండదు, అక్కడ వేళలు పంచండి. తెల్లవారి నుంచి తొమ్మిదింటి దాకా గాలాలు, ఆ తర్వాత బోట్లు. చేపలు ఎరకొచ్చేదీ ఎక్కువగా ఆ చల్లని పూటే, కుటుంబాలు బయల్దేరేది టిఫిన్లయ్యాకే. కాబట్టి ఎవరికీ పెద్దగా నష్టం లేదు. బోట్లు తిరిగే చెరువుల్లో మూడు కొక్కేల గాలాలు వద్దని చెప్పండి, ఒంటి గాలానికి కూడా మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ఎదురుముల్లు నొక్కేసి వాడమనండి. ప్లేయర్‌తో ఒక్క నొక్కు చాలు. చేప జారిపోతుందని మావాళ్ళు గోల పెడతారు. దారం బిగువు సడలనివ్వని వాడికి అంత తేలిగ్గా జారిపోదు.

రేవులో ఒక మంచి కటింగ్ ప్లేయర్, ఫస్ట్ ఎయిడ్ డబ్బా, దాని పక్కన బొమ్మలతో ఒక బోర్డు ఉండాలి. గాలం ఒంట్లో దిగితే లాగొద్దు, ఎదురుముల్లు కండను చీల్చుకుంటూ వస్తుంది. దారం కత్తిరించి, గాలాన్ని కదలనివ్వకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి, టెటనస్ ఇంజెక్షన్ సంగతి అడగాలి. కంటి దగ్గరైతే అసలు ముట్టుకోకూడదు. దారం బోటుకు చుట్టుకుంటే తొక్కడం ఆపాలి. ఈ నాలుగు ముక్కలు తమిళంతో పాటు తెలుగు, హిందీ, ఇంగ్లీషుల్లో కూడా రాయించండి. ఆ రోజు "మిదిక్కాదీంగ" అర్థం కాకే కదా అంత దూరం వెళ్ళింది.

లైఫ్ జాకెట్ల విషయంలో నాకు ఓపిక తక్కువ. 2011 డిసెంబర్ 25న పులికాట్ సరస్సులో పడవ మునిగి 22 మంది పోయారు. 2024 జనవరి 18న వడోదరలోని హర్ణి చెరువులో, ఊళ్ళోనే, విహారానికి వచ్చిన 12 మంది బడిపిల్లలూ ఇద్దరు టీచర్లూ పోయారు. చెరువే కదా, ఏమవుతుంది అనే మాట ఆ తర్వాత కూడా వింటూనే ఉన్నాను. జాకెట్ ఇవ్వడం ఒక్కటే చాలదు. బకిల్స్ పెట్టి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడాలి, చెవుల దాకా వచ్చేస్తే అది ఆ పిల్లవాడి సైజు కాదు. పడవలోకెక్కి గాలం వేసేవాళ్ళకూ ఇదే రూలు వర్తింపజేయండి. ఈత వచ్చని జాకెట్ విప్పి కాళ్ళ కింద పరుచుకునే మొనగాళ్ళు మాలో చాలామంది.

పిల్లి మెడలో గంట కట్టేదెవరన్నది నాకూ తెలుసు చిక్కు ప్రశ్నేనని. చేట్‌పట్ మీది. ముట్టుకాడు బోట్ హౌస్ 1984 నుంచి పర్యాటక అభివృద్ధి సంస్థది. కృష్ణా నీళ్ళు వచ్చి చేరే పూండి, మా పుళల్ లాంటివి తాగునీటి జలాశయాలు, వాటి గట్లు జలవనరుల శాఖవి. 2021 నాటి దేశీయ జలనౌకల చట్టం బోట్ల రిజిస్ట్రేషన్, తనిఖీ, నడిపేవాళ్ళ సర్టిఫికెట్ల గురించి చెబుతుంది. గట్టు మీద కూర్చుని గాలం విసిరేవాణ్ణి అది పట్టించుకోదు. అందుకే మీకు రాస్తున్నాను. చేప మీ శాఖది కాబట్టి పర్యాటక శాఖను కూర్చోబెట్టి మాట్లాడే చొరవ మీరే తీసుకోవాలి.

మాట్లాడేటప్పుడు మూడో పక్షాన్ని మరిచిపోకండి. ముట్టుకాడు, కోవళం బ్యాక్‌వాటర్స్‌లో నడుము లోతున నిలబడి, చేతులతో అడుగు తడుముతూ రొయ్యలు పట్టే ఇరుళర్ గిరిజనులున్నారు. మోటారు బోటు అల వాళ్ళ ఛాతీకి కొడుతుంది, మేం పారేసిన గాలాలు వాళ్ళ కాళ్ళకు దిగుతాయి. మాదీ బోటు వాళ్ళదీ సరదా గొడవ, వాళ్ళది కూటి గొడవ. వాళ్ళు పనిచేసే చోట మా ఇద్దరికీ ప్రవేశం లేదన్నా నేను ఒప్పుకుంటాను.

కనుమ నాడు కాకైనా కదలదంటారు మావైపు. ఆ మర్నాడు, మాకు ముక్కనుమ, మీకు కాణుం పొంగల్, చెన్నైలో ఊరంతా కదులుతుంది. ఆ ఒక్కరోజూ బోట్లున్న ప్రతి చెరువులోనూ గాలాలు పూర్తిగా ఆపేయండి. మావాళ్ళు సణుగుతారు, ఇంట్లో కూర్చుని గారెలు తింటారు, అంతే.

ముందుగా చేట్‌పట్‌లో ఒక్క నెల ఈ గీత పెట్టి చూడండి. డబ్బాలకు రంగు పూయడానికీ, తాడు కట్టడానికీ మేం వస్తాం, కూలి అక్కర్లేదు. బోట్లు నడిపే కుర్రాళ్ళను కూడా పిలవండి. 50 మీటర్లు ఎక్కువా, తక్కువా అన్నది ఒకసారి గట్టు మీద నుంచీ, ఒకసారి బోటులోంచీ చూసి వాళ్ళూ మేమూ తేల్చుకుంటాం. తేదీ మీ అధికారులు చెబితే చాలు. ఆదివారం మాత్రం వద్దు, వారం మధ్యలో అయితే చెరువు ఖాళీగా ఉంటుంది.

ఇట్లు,
పెరంబూరు నుంచి ఒక గాలం మనిషి