ఆర్చి వద్దండి, ఆటస్థలానికి మెరక ఇప్పించండి: క్రీడల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర క్రీడల శాఖ మంత్రి గారికి నమస్కారం.

కోనసీమలో వైనతేయ ఏటిగట్టును ఆనుకుని ఉన్న ఊరు మాది. గత నెలలో మా తాతయ్య కాలం చేశారు. 93 ఏళ్లు. ఊళ్లో ఆయన్ని పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. పెద్దాళ్లకు మిలిటరీ బాబాయి, పిల్లలకు మిలిటరీ తాత. పెద్ద దినం రోజున వచ్చిన పెద్దలు ఊరి మొదట్లో ఆయన పేరుతో ఆర్చి కట్టిద్దామన్నారు, మీ శాఖను కూడా సాయం అడుగుతామన్నారు. వాళ్ల అభిమానానికి చేతులెత్తి దండం పెడుతున్నాను. ఆ కాగితం మీ దగ్గరికి రాకముందే ఈ ఉత్తరం చేరాలని రాస్తున్నాను. ఆర్చి వద్దండి. తాతయ్య పదేళ్లుగా అడిగింది ఒక్కటే: హైస్కూలు వెనక ఆటస్థలానికి రెండడుగుల మెరక, అంటే మట్టి తోలి నేల ఎత్తు చేయడం.

దానికోసం ఆయన ఎందుకంత పట్టుబట్టారో తెలియాలంటే ఆయన సంగతి కొంత చెప్పాలి.

1932లో కౌలు రైతు ఇంట్లో పుట్టారు. రెండెకరాల చేను, ఒక జత ఎడ్లు. ఆకుమడికి నీళ్లు పెట్టడం, ఊడ్పుల్లో ఆకుకట్టలు మొయ్యడం, సార్వా కోతలయ్యాక రాత్రిళ్లు కళ్లంలో కుప్పకు కాపలా పడుకోవడం, ఇదే చిన్నతనం. చెడుగుడు ఆ కళ్లంలోనే నేర్చుకున్నారు. గడ్డి పరిచి ఉంటుంది కాబట్టి పడినా దెబ్బ తగలదని చెప్పేవారు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలిటరీ మాధవరం అంటారు కదా, ఆ ఊరి బంధువొకాయన సెలవుకొచ్చి చెబితే 1951లో తనూ సైన్యంలో చేరారు. మద్రాస్ రెజిమెంటు. శిక్షణ నీలగిరుల్లో, వెల్లింగ్టన్‌లో. అప్పటిదాకా ఏటిగట్టు కంటే ఎత్తయిన నేల చూడని మనిషి, ఆ చలికొండల్లో సాయంత్రాలు వాలీబాల్ పట్టుకున్నారు. ఇంక వదల్లేదు.

యుద్ధాల గురించి పెద్దగా మాట్లాడేవారు కాదు. 1965, 1971 పతకాలు ట్రంకు పెట్టెలో, సూదీదారం డబ్బాలో ఉండేవి. 1962 గురించి అడిగితే మాత్రం ముందు జకార్తా సంగతి ఎత్తేవారు. ఆ ఏడాది అక్కడ జరిగిన ఆసియా క్రీడల్లో మన వాలీబాల్ జట్టుకు వెండి పతకం వచ్చింది. ఆటలు సెప్టెంబరు మొదట్లో ముగిశాయి. అక్టోబరు 20న చైనాతో యుద్ధం మొదలైంది. ఆ పతకం వార్త విని తనతో కలిసి గంతులేసినవాళ్లలో ఇద్దరు మళ్లీ కనబడలేదని ఒకే ఒక్కసారి చెప్పారు, నేను డిగ్రీ చదివే రోజుల్లో. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

1975లో హవల్దారుగా రిటైరై వచ్చేటప్పుడు ఆయన సామాను ఒక ట్రంకు పెట్టె, ఒక నెట్టు, రెండు బంతులు. హైస్కూలు వెనక ఎనభై సెంట్ల బంజరుంటే, కుర్రాళ్లను వెంటేసుకుని లంకల నుంచి ఎడ్లబండ్ల మీద బుసక మట్టి తోలించి చదును చేశారు. తెచ్చిన నెట్టు రెండేళ్లకే ఉప్పుగాలికి చీకిపోయింది. అప్పుడు వలలు అల్లే పెద్దాయన దగ్గరికి వెళ్లి నెట్టు అల్లమన్నారట. "కన్ను ఎంత పెట్టమంటారండీ?" అని ఆయనడిగితే, తాతయ్య నాలుగు వేళ్లు ఆనించి పక్కన బొటనవేలు పెట్టి చూపించారు. పది సెంటీమీటర్లు. "ఆయ్, అల్లేద్దారండి" అన్నాడట ఆయన. పై పట్టీకి తాతయ్య తన పంచె చించి ఇచ్చారు. మామ్మ దాన్ని చేత్తో కుట్టింది. ఆ నెట్టు నేను చూశాను. కాస్త చేపల వాసన వచ్చేది.

1986 ఆగస్టు వరద మీకు గుర్తుండే ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కులు. మా వైపు గట్టు తెగి, నీళ్లు దిగాక ఆటస్థలమంతా ఒండ్రు మిగిలింది. ఇంక అది పనికిరాదనుకున్నారు అందరూ. తాతయ్య కర్ర గుచ్చి చూసి, "జానెడు మేట వేసిందర్రా, గోదారమ్మే మెరక తోలింది" అన్నారట. కొన్ని వారాలకే సియోల్ ఆసియా క్రీడల్లో మన జట్టుకు కంచు పతకం వచ్చింది. పేరున్న ఆటగాడు జిమ్మీ జార్జ్ ఆడిన జట్టు అది. రేడియోలో వార్త విన్న సాయంత్రమే ఇంకా ఆరని ఆ నేలలో స్తంభాలు పాతారు. 1996 నవంబరు తుఫానులో ఆ స్తంభాలూ పోయాయి. పడిపోయిన మా కొబ్బరి చెట్లలో రెండింటి మానులు తెచ్చి మళ్లీ పాతారు.

ఆ మానుల మీద రెండేసి గాట్లుండేవి. పై గాటు 2.43 మీటర్లు, మగపిల్లల నెట్టు ఎత్తు. కింది గాటు 2.24, మాది. నేను ఆరో తరగతిలో ఉండగా ఆయన ఆడపిల్లల్ని కూడా కోర్టులోకి దింపారు. ఆడపిల్లలు నిక్కర్లేసుకుని ఎగరడమేంటని కొందరన్నారు. ఆయన ఎవరికీ జవాబు చెప్పలేదు. మర్నాటి నుంచి మామ్మకు కోర్టు పక్కన కుర్చీ వేశారు. ఆవిడ రోజూ సాయంత్రం వచ్చి, మేం ఇంటికెళ్లేదాకా ఆ కుర్చీలోనే ఉండేది. ఇంకెవరూ నోరెత్తలేదు. ఆ రోజుల్లోనే ఆట లెక్క మారింది. అంతకుముందు సర్వీసు చేసే జట్టు గెలిస్తేనే పాయింటు, ఇప్పుడు సర్వీసు ఎవరిదైనా పాయింటే అన్నారు. మొదట ఆయనకు నచ్చలేదు. వారం రోజులు నోటుబుక్కులో పాత లెక్కా కొత్త లెక్కా పక్కపక్కన వేసి చూసుకుని, "ఇదే బాగుంది, ఏ బంతినీ ఊరికే వదలరు" అన్నారు. అరవై ఆరేళ్ల వయసులో అలా మనసు మార్చుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. 2016లో వన్ ర్యాంక్ వన్ పెన్షన్ బకాయిల మొదటి వాయిదా చేతికందితే, కొబ్బరి మానులు తీయించి ఇనప పైపులు వేయించారు. వాటి మీదా ఆకురాయితో అవే రెండు గాట్లు పెట్టారు.

ఇప్పుడు ఆ పైపులు నీళ్లలో ఉన్నాయండి.

చుట్టూ చేలు రొయ్యల చెరువులయ్యాయి. చెరువు గట్లు లేచాయి, రోడ్డు లేచింది, ఆటస్థలం ఒక్కటే పల్లంలో ఉండిపోయింది. మురుగు డ్రెయిన్ నిండా గుర్రపు డెక్క. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి మా డెల్టాకు నీళ్లు రావడం తెలుసు, పోవడంతోనే కష్టం. జూలైలో నిలిచిన నీరు సంక్రాంతి ముందు ఇంజన్లు పెట్టి తోడితే తప్ప కదలదు. పిల్లలు సిమెంటు రోడ్డు మీద ఆడుతున్నారు. నిరుడు ఒక పాప పడి మణికట్టు విరిగింది. ఆ మర్నాటి నుంచి తాతయ్య రోడ్డు పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. బండి వస్తుంటే చెయ్యెత్తేవారు, పిల్లలు ఆట ఆపేవారు. కళ్లు సరిగా కనబడకపోయినా చప్పుడు గుర్తుపట్టేవారు.

ఆయన పెట్టెలో పదకొండు అర్జీల నకళ్లు దొరికాయి, ఆఫీసుల్లో వేసిన స్టాంపులతో సహా. ఏ ఆఫీసులో ఆగిందో ఇక్కడ రాయను, ఎవరి మీదా ఫిర్యాదు చేయడానికి కాదు ఈ ఉత్తరం. ఆఖరి అర్జీలో ఆయన వేసిన లెక్క మాత్రం మీకు చెప్పాలి. ఎనభై సెంట్లకు రెండడుగుల మెరక అంటే సుమారు 700 యూనిట్ల మట్టి (యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు), అంటే దాదాపు అన్ని ట్రాక్టర్లు. వేసవిలో కాలువలు కట్టేశాక పూడిక తీసిన మట్టి గట్ల మీదే పోసి ఉంటుంది, అది తోలిస్తే కొనక్కర్లేదు. డ్రెయిన్‌లో డెక్క తీయించి ఒక తూము వేస్తే నీళ్లు వాటంతటవే పోతాయి. మూడోది, ఆ స్థలాన్ని రికార్డుల్లో ఆటస్థలమని రాయించాలి. విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంటోంది. గ్రామ ఉమ్మడి భూముల్లో ఆక్రమణలు తొలగించాలని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇవన్నీ ఆయనే చదివించుకుని, ఎర్ర సిరాతో గీతలు పెట్టుకున్నారు.

2023లో మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్, చిరాగ్ శెట్టితో కలిసి ఆసియా క్రీడల బ్యాడ్మింటన్ బంగారు పతకం గెలిచిన రోజున తాతయ్య టీవీ ముందు లేచి నిలబడి సెల్యూట్ చేశారు. కూర్చున్నాక, "మన గ్రౌండు ఆరిందా అమ్మాయ్?" అని అడిగారు. అక్టోబరు నెల. ఆరలేదని చెప్పాను.

ఆర్చికి అనుకున్న డబ్బుతో ఈ పని మొదలుపెట్టించండి. వచ్చే వేసవి కాలువలు కట్టేసినప్పుడు మొదలైతే సార్వా నాటికి అయిపోతుంది. పని మొదలయ్యే రోజున నాకు కబురు చేయించండి. మట్టి పడితే ఆ రెండు గాట్లూ నేలకు రెండడుగులు దగ్గరవుతాయి. పైపులు పీకి, కొత్త నేల మీద నుంచి మళ్లీ 2.43, 2.24 కొలిచి పాతాలి. ఆయన టేపు పెట్టెలోనే ఉంది, తీసుకొస్తాను.

ఇట్లు,
మిలిటరీ తాత మనవరాలు