పార్కు గడ్డికి మిట్టమధ్యాహ్నం నీళ్లా కమిషనర్ గారూ?

కమిషనర్ గారికి నమస్కారం.

మనది అనంతపురం జిల్లా, ఏడాదికి పడే వానే దాదాపు 550 మిల్లీమీటర్లు, అదీ పడితే. నిన్న మధ్యాహ్నం రెండింటికి ఎర్రటెండలో మన పార్కు లాన్‌లో పైపు వదిలేసి ఉంది, నీళ్లు గడ్డి దాటి సిమెంటు బాట మీదుగా గేటు బయట కాలువలోకి పోతున్నాయి, ఆ గేటు ఎదురుగానే మా వీధివాళ్లు బిందెలు వరుసపెట్టి ట్యాంకర్ కోసం ఎదురుచూస్తున్నారు. సిగ్గేసింది.

గడ్డి పీకేయమనడం లేదు సార్. తెల్లారకముందే పెట్టించండి, ఎండకీ గాలికీ ఆవిరయ్యేది తగ్గుతుంది. రోజూ పైపైన తడిపితే వేర్లు పైనే ఉండిపోతాయి, నాలుగైదు రోజులకోసారి జానెడు లోతు దిగేలా తడిపితే అవీ కిందికి వెళ్తాయి. దిగిందో లేదో తెలియడానికి మిషన్లేం అక్కర్లేదు, పొడుగాటి స్క్రూడ్రైవర్ గుచ్చండి, తడి ఉన్నంతవరకూ సులువుగా దిగుతుంది. మరీ నున్నగా గొరిగించకండి కూడా.

1,000 చదరపు మీటర్ల లాన్‌కి 5 మిల్లీమీటర్ల నీళ్లంటే 5,000 లీటర్లు. అచ్చంగా ఒక ట్యాంకర్!

అక్కడున్నది గరికే కదా, ఎండాకాలం ఎండినట్టు కనిపించినా తొలకరికి మళ్లీ లేస్తుంది. ముందు ఆ పైపు కట్టించండి.