ఆ థెరపిస్టు అమ్మాయికి

నిన్నటితో నా కౌన్సెలింగ్ సెషన్లు అయిపోయాయి. మొత్తం పదహారు. రాత్రంతా నిద్ర లేదు, ఈసారి దిగులుతో మాత్రం కాదు. పొద్దున్నే కూర్చుని ఇది రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

నా వయసు 71. మావారు పోయి ఏడాదిన్నర. మా అబ్బాయి, కోడలు అన్నీ చూసుకున్నారు. వాళ్లకి ఇక్కడ థాంక్స్ చెబితే నవ్వుతారు. చెప్పాల్సింది ఆ థెరపిస్టు అమ్మాయికి. (డాక్టరమ్మా అని పిలిస్తే "నేను డాక్టర్ని కాదండీ" అని మొదటి రోజే చెప్పేసింది.)

తనకి ఇరవై ఏడో ఎనిమిదో ఉంటాయి. నలభై ఆరేళ్లు కాపురం చేసిన మనిషి పోతే ఎలా ఉంటుందో ఈ పిల్లకేం తెలుసు అనిపించింది. పైకే అనేశాను. నొచ్చుకోలేదు. "తెలియదండీ, మీరే చెప్పాలి" అంది. లేచి తన కుర్చీని నా కుడిచెవి వైపుకి జరుపుకుంది. ఎడమ చెవి సరిగా వినపడదని నేను చెప్పనే లేదు.

అందరూ ఆయన ఎలా పోయారని అడిగారు. తను మాత్రం "ఆయనతో మీకు బాగా విసుగనిపించేది ఏంటి?" అని అడిగింది. పేపరంతా పైకి చదివేవారు, నేను అప్పటికే చదివేసిన వార్తలతో సహా. చెబుతూ నవ్వాను, నవ్వుతూనే ఏడ్చేశాను.

ఐదో సెషన్లో "మీరు మా అమ్మమ్మలా ఉన్నారండీ" అంది. సంతోషమేసింది. కానీ ఆ మాటతో జాగ్రత్తపడ్డాను. మనవరాలి దగ్గర ఏం చెప్పుకుంటాం? బాగానే ఉన్నానన్నాను. తర్వాతి వారం తనే ఎత్తింది. "పోయినసారి నేను పొరపాటు చేశాను. మా సీనియర్‌తో మాట్లాడాక అర్థమైంది. నేను బాధపడతానని మీరేమైనా దాచుకుంటున్నారా?"

నా వయసులో సగం కూడా లేని పిల్ల, పొరపాటు తనదంటోంది. ముప్పై నాలుగేళ్లు పాఠాలు చెప్పాను, ఏ పిల్లవాడి ముందూ ఆ మాట నా నోట రాలేదు. అప్పుడు చెప్పాను, బతకాలని లేదని. కంగారుపడలేదు, మాట మార్చలేదు. ఏమైనా చేసుకుందామనుకున్నారా అని సూటిగా అడిగింది. సీనియర్ని పిలిచింది. నన్ను అడిగాకే మా అబ్బాయికి చెప్పింది.

అంతకుముందు పది నెలలు నేను తిరిగిన చోటల్లా "ఈ వయసులో మామూలే" అన్నారు, నిద్రమాత్రలు రాశారు. ఒకరు మతిమరుపు జబ్బేమో అన్నారు. పెద్దవాళ్లలో డిప్రెషన్ ఒళ్లునొప్పుల్లా, మరుపులా కూడా కనిపిస్తుందట. మాకోసమే అవును, కాదు అని చెప్పే 15 ప్రశ్నల పరీక్ష ఒకటుంది, అందులో నిద్ర గురించి, ఆకలి గురించి అడగరు, అవి వయసుతోనూ తగ్గుతాయి కాబట్టి. ఐదు నిమిషాల పని. పది నెలల్లో ఒక్కరూ చేయలేదు! యాభై దాటినవాళ్లకి ఇలా మాటలతో చేసే మనసు వైద్యం పనిచేయదన్నట్టు, ఆ వైద్యానికి ఆద్యుడైన ఫ్రాయిడే 1905లో రాశాడట. అప్పటికి ఆయనకే యాభై దగ్గరపడుతోంది. 1919లో ఆయన శిష్యుడు కార్ల్ అబ్రహాం, రోగి వయసు కాదు, జబ్బు ఏ వయసులో మొదలైందో చూడాలన్నాడు. ఆ మాట చాలామందికి ఇంకా చేరినట్టు లేదు.

ఇంకో బాధ. తను శిక్షణలో ఉంది, గడువు అయిపోయింది, వేరే చోటికి పంపేస్తున్నారు. మళ్లీ అవసరమైతే కొత్తవాళ్ల దగ్గర మొదటినుంచీ చెప్పుకోవాలి. అసలు మా జబ్బే మనుషులు దూరమవడం కదా, వైద్యం చేసే మనిషినీ మార్చేస్తే ఎలా?

అయ్యో, ఆ సీనియర్ మేడమ్‌కి కూడా థాంక్స్. మెట్లెక్కలేనంటే గదిని కిందికి మార్పించిన రిసెప్షన్ బాబుకి కూడా. పక్కింటావిడ మూడుసార్లు తోడొచ్చారు. ఇంకా, వినికిడి మిషన్ బ్యాటరీ అయిపోతే సెషన్ మధ్యలో పరుగెత్తి తెచ్చిచ్చిన అబ్బాయి. పేరు కూడా అడగలేదు నేను.